పెరట్లో స్విమ్మింగ్ పూల్ మీరే దగ్గరుండి కట్టించుకోవడం ఎలా?

“సంపు లాంటిదే కద సార్, కాస్త పెద్దది, అంతే.” ఈ మాట అన్న మేస్త్రీకి మీ పూల్ పని ఇవ్వకండి. మనిషి మంచివాడే కావచ్చు, మీ ఇల్లు బ్రహ్మాండంగా కట్టి ఉండవచ్చు, అయినా వద్దు. సంపు కొంచెం కారినా ఎవరికీ తెలియదు, రోజూ మోటరు వేస్తాం, రోజూ నిండుతుంది. పూల్ కారితే మాత్రం మందు కలిపిన నీళ్లు పునాదుల్లోకి పోతుంటాయి, టైల్స్ ఉబ్బుతాయి, వారానికో ట్యాంకర్ తెప్పించుకుంటూ కూర్చోవాలి. ఎక్కడ కారుతోందో కనిపెట్టాలంటే అతికించిన టైల్స్ మళ్లీ పగలగొట్టాలి. చుట్టాల ఫామ్‌హౌస్‌లలో, స్నేహితుల ఇళ్లలో ఇలాంటివి చూసీ చూసీ విసుగొచ్చి రాస్తున్నాను.

నేను చెప్పేది హైదరాబాద్ చుట్టుపక్కల మామూలు ఇంటి పూల్ గురించి. 24 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పు, ఒక చివర మూడున్నర అడుగుల లోతు, రెండో చివర అయిదు. సుమారు 35 వేల లీటర్లు పడతాయి. అంతకంటే లోతు ఇంటికి అక్కర్లేదు. పైనుంచి దూకుతామంటారా, ఇంటి పూల్‌లో దూకడం అనేదే లేదు, అలా అనుకునే కట్టుకోండి.

పూల్ కంపెనీకి మొత్తం అప్పగించకుండా మీరే చేయించుకోవడం అంటే స్ట్రక్చరల్ ఇంజనీర్, జేసీబీ, రాడ్ బెండింగ్ వాళ్లు, సెంట్రింగ్ వాళ్లు, పూల్ పైపులు తెలిసిన ప్లంబర్, వాటర్‌ప్రూఫింగ్ మనిషి, టైల్స్ మేస్త్రీ, ఎలక్ట్రీషియన్, వీళ్లందరినీ విడివిడిగా మాట్లాడుకుని ఒకరి తర్వాత ఒకరిని రప్పించడం. కంపెనీ లాభం మిగులుతుంది నిజమే, కానీ దానికి బదులు మీరు అక్కడ ఉండాలి. రోజూ కాకపోయినా ఫర్వాలేదు, కాంక్రీటు పోసే రెండు రోజులు మాత్రం తెల్లారేసరికి సైట్‌లో ఉండి తీరాలి. డాలస్‌లో కూర్చుని వాట్సాప్ వీడియోలో నాన్నగారి చేత పని చేయిద్దాం అనుకునేవాళ్లు కంపెనీకే ఇచ్చేయండి, ఆయన్ని ఎండలో నిలబెట్టకండి.

స్థలం, కాగితాలు

ఇంటి ప్లాన్‌లోనే పూల్ చూపించి అనుమతి తీసుకోవడం అన్నిటికంటే సుఖం. విడిగా అయితే మీ స్థలం పంచాయతీ కిందకి వస్తుందా, హెచ్‌ఎండీఏ కిందకా అన్నది ముందు తేల్చుకోండి. కొత్తగా బోరు వేయాలంటే వాల్టా (నీరు, భూమి, చెట్ల రక్షణ) చట్టం ప్రకారం దానికి వేరే అనుమతి. గండిపేట, హిమాయత్ సాగర్ వైపు స్థలం ఉంటే అది ఆ చెరువుల రక్షణ కోసం కట్టడాలకి ఆంక్షలు పెట్టిన 1996 నాటి 111 జీవో చెప్పిన 84 ఊళ్లలో ఉందేమో చూడండి. 2022లో ఆ ఆంక్షలు సడలిస్తూ 69 జీవో వచ్చింది కదా, ఇక అడిగేవాడు లేడు అని బ్రోకర్లు చెబుతారు. ఆ మాట మీద తవ్వకం మొదలుపెట్టకండి, కాగితం చేతికి రానివ్వండి.

వాస్తు ప్రకారం నీళ్లు ఈశాన్యంలో ఉండాలంటారు. నాకు అభ్యంతరం లేదు, నిజానికి ఇల్లు నైరుతి వైపు ఉండి పూల్ ఈశాన్యంలో ఉంటే పొద్దున ఎండ, సాయంత్రం ఇంటి నీడ వస్తాయి, బాగుంటుంది. గొడవెక్కడంటే బోరు ఈశాన్యమే, సంపు ఈశాన్యమే, ఇప్పుడు పూల్ కూడా అక్కడే. మూడూ ఒకే మూలకి చేరి, పక్కనే కాంపౌండ్ వాల్ ఉంటే, జేసీబీ బకెట్ మొదట తగిలేది మీ సంపు గోడకే. కాంపౌండ్ వాల్ పునాది రెండు మూడు అడుగులకి మించి ఉండదు, దాని పక్కన ఆరడుగుల గొయ్యి తీస్తే ఒక్క వానకి గోడ గోతిలో ఉంటుంది. గోడకీ గోతి అంచుకీ మధ్య కనీసం ఆరడుగులు వదలండి. సిద్ధాంతిగారు ఒప్పుకోకపోతే తూర్పుకో ఉత్తరానికో జరపమనండి, ఏదో ఒకటి చెబుతారు. వేపచెట్టు, రావిచెట్టు దగ్గర అసలే వద్దు. వేర్ల సంగతి తర్వాత, ముందు ఆకులు ఏరలేక చస్తారు.

తవ్వకం

సంక్రాంతి వెళ్లగానే మొదలుపెట్టి మృగశిర కార్తెకల్లా నీళ్లు నింపేయాలి. ఇది నా లెక్క, ఇంకో లెక్క లేదు. జూన్‌లో తవ్వుతామనేవాళ్లకి గొయ్యి కాదు, చెరువు తయారవుతుంది.

గొయ్యి 29.5 అడుగుల పొడవు, 17.5 అడుగుల వెడల్పు తీయాలి. గోడల మందం కాక చుట్టూ రెండేసి అడుగులు సెంట్రింగ్ వాళ్లు తిరగడానికి. మొరం వస్తే అదృష్టం. రేగడి వస్తే అది వానకి ఉబ్బి ఎండకి బీటలు వేసే నేల కాబట్టి ఇంజనీర్ చెప్పినంత లోతు తీసేసి మొరం నింపి రోలర్‌తో తొక్కించాలి. షీట్ రాక్, అంటే పరుచుకున్న బండ, వస్తే బ్రేకర్ పెట్టాలి, అది గంటల లెక్కన బిల్లు, ఆ లెక్క ఏ రోజుకారోజు సాయంత్రమే రాసి సంతకం పెట్టించుకోండి. ఇళ్ల మధ్య బ్లాస్టింగ్ మాట ఎవరైనా ఎత్తితే ఆ మనిషిని పంపించేయండి.

కూలీల పిల్లలు సైట్‌లోనే తిరుగుతుంటారు. గోతి చుట్టూ మొదటి రోజే రేకులో, గ్రీన్ నెట్టో కట్టించండి. నాలుగడుగుల వాననీళ్లు నిలిచిన గొయ్యి పూర్తయిన పూల్ కంటే ప్రమాదం, దిగాక పైకి రావడానికి మెట్టు కూడా ఉండదు.

అడుగున నాలుగంగుళాల పీసీసీ (రాడ్డు లేని కాంక్రీటు) బెడ్. అయిపోయింది.

పైపులు

అడుగున డ్రెయిన్లు రెండు పెట్టాలి, రెంటికీ మధ్య కనీసం మూడడుగులు ఉండాలి. ఒక్కటే ఉంటే దాని మీద పిల్లల జుట్టో చెయ్యో పడినప్పుడు మోటరు లాగుడంతా అక్కడే ఉంటుంది, పెద్దవాళ్లు కూడా విడిపించలేరు. రెండుంటే ఒకటి మూసుకున్నా రెండోది లాగుతుంది. మూత కూడా పూల్ కోసం చేసిన ఉబ్బెత్తు మూతే కొనండి, బాత్రూమ్ జాలీ కాదు. దీంట్లో బేరం లేదు. ఇవి కాక గోడలో పైన తేలే చెత్తని లాగే స్కిమ్మర్, నీళ్లు తిరిగి వచ్చే ఇన్లెట్లు, అడుగు శుభ్రం చేసే గొట్టం తగిలించడానికి వాక్యూమ్ పాయింట్, లైటు గూడు. గోడలోంచి, అడుగులోంచి వెళ్లే ప్రతి పైపుకీ మధ్యలో పడల్ ఫ్లాంజ్ ఉండాలి. పైపు చుట్టూ కాలర్ లాంటి పళ్లెం అది. నున్నటి పీవీసీ పైపుకి కాంక్రీటు అంటుకోదు, ఆ పైపు ఒంటి మీదుగానే నీళ్లు జారిపోతాయి. ఆ కాలర్ అడ్డుపడుతుంది.

పైపులన్నీ బిగించాక కాంక్రీటుకి ముందే నీళ్లతో ప్రెజర్ టెస్ట్ చేయించండి. రెండు కేజీల ప్రెజర్ ఎక్కించి గేజ్ అలాగే ఉంచి కాంక్రీటు పోయించండి. పోస్తుండగా వైబ్రేటర్ తగిలి జాయింట్ ఊడితే ముల్లు పడిపోతుంది, అక్కడికక్కడే తెలుస్తుంది. ప్లంబర్ “అవసరం లేదు సార్” అంటాడు. అవసరం మనది.

కాంక్రీటు

ఇక అసలు సంగతికి వద్దాం. ఇప్పటిదాకా చెప్పినవాటిలో కాస్త అటూ ఇటూ అయినా సరిచేసుకోవచ్చు. ఇక్కడ తప్పితే సరిచేయడం అంటూ ఉండదు, జీవితాంతం అతుకులే.

గోడలు ఇటుకతో కట్టి ప్లాస్టరింగ్ చేస్తే చాలు, ఖర్చు సగం అనేవాళ్లున్నారు. కట్టుకోండి, కానీ ఈ వ్యాసం చదవడం ఆపేయండి. అడుగూ గోడలూ ఎనిమిదంగుళాల ఆర్‌సీసీయే ఉండాలి, రెండు జాలీల రాడ్డు, ఇంజనీర్ డ్రాయింగ్ ప్రకారం. అమెరికాలో గన్నైట్ అని కాంక్రీటును పైపుతో చిమ్మి కడతారు, బాగుంటుంది, కానీ చిమ్మే మనిషి పనితనం మీదే అంతా ఉంటుంది. ఇక్కడ చిన్న పనికి మంచి టీమ్ దొరకాలిగా. సెంట్రింగ్ కొట్టి పోయడమే మనకి మేలు. నీళ్లు నిలవ ఉండే కట్టడాలకి ఐఎస్ 3370 అని ప్రత్యేకంగా కోడ్ ఉంది, అందులో ఆర్‌సీసీకి కాంక్రీటు బలం కనీసం ఎం30 గ్రేడ్ అని ఉంది. మేస్త్రీ మిల్లర్‌తో కలిపి పోసేది ఎం30 కాదు, ఎన్ని బస్తాలు ఎక్కువ వేసినా కాదు. ప్లాంట్‌లో కలిపి ట్రక్‌లో తెచ్చే రెడీమిక్స్ తెప్పించండి. మొత్తం 12 క్యూబిక్ మీటర్లు పడుతుంది, సుమారుగా సగం అడుగుకి, సగం గోడలకి.

ఆ “సగం” అన్న దగ్గరే చిక్కు. ఇంటి పూల్‌కి అడుగూ గోడలూ ఒకే రోజు పోయడం కుదరని పని, రెండు విడతలు తప్పవు. మొదటి విడత గట్టిపడ్డాక దాని మీద రెండో విడత పోస్తే రెండూ ఎప్పటికీ ఒకటి కావు, మధ్యలో వెంట్రుకంత సందు ఉంటుంది. నేను చూసిన కారే పూల్స్‌లో ఎక్కువ భాగం కారింది ఈ సందులోంచే. అందుకని మొదటి రోజు అడుగు పోసేటప్పుడే గోడని కూడా చుట్టూ ఆరంగుళాలు పైకి లేపి పోయాలి. అప్పుడు జాయింటు సరిగ్గా మూలలో కాకుండా ఆరంగుళాల పైన వస్తుంది, శుభ్రం చేయడానికీ, బిగించడానికీ చేతికి అందుతుంది. ఆ జాయింటులో గోడ మందానికి నడిమధ్యలో తొమ్మిదంగుళాల పీవీసీ వాటర్ స్టాపర్ పట్టీ నిలబడాలి, సగం కింది కాంక్రీటులో, సగం పైన.

వినడానికి ఇంతే. సైట్‌లో ఏమవుతుందంటే, రాడ్డు వాళ్ల చుట్టు రాడ్డుకి ఈ పట్టీ అడ్డం వస్తుంది. వాళ్లకి అది ఒక ప్లాస్టిక్ ముక్క. కట్టింగ్ ప్లేయర్ తీసి గాటు పెట్టేస్తారు, లేదా వంచి పక్కకి కట్టేస్తారు. సాయంత్రం మీరు వెళ్లేసరికి సెంట్రింగ్ మూసేసి ఉంటుంది. కాబట్టి మూసేముందు చుట్టూ ఒక్కసారి మీ చేత్తో తడుముకుంటూ నడవండి. పట్టీ అంచుల్లో ఉండే కన్నాల్లోంచి బైండింగ్ వైర్ వేసి రాడ్డుకి కట్టి ఉండాలి, ఎక్కడా మేకు దిగి ఉండకూడదు, వాలిపోయి ఉండకూడదు. రెండు ముక్కలు కలిసే చోట ఒకదాని మీద ఒకటి వేసి వదిలేస్తారు. అలా కాదు, కాల్చిన బ్లేడుతో రెండు కొసలూ కరిగించి అతికించాలి. అతికాక లాగి చూడండి. ఊడి వస్తే ఇప్పుడే రానివ్వండి.

రెండో విడతకి ముందు ఆ ఆరంగుళాల గోడ పైభాగం మీద పాలలా తేలి గట్టిపడిన సిమెంటు పొర ఉంటుంది. సుత్తీ ఉలీ పెట్టి కంకర కనబడేదాకా చెక్కించండి. తర్వాత సెంట్రింగ్ మూసేముందు లోపల టార్చి వేసి చూడండి. రంపపు పొట్టు, గుట్కా కాగితాలు, బీడీ ముక్కలు, మట్టిగడ్డలు అన్నీ అక్కడే చేరతాయి. బ్లోయర్‌తో ఊదించి, నీళ్లతో కడిగించి, ఆ నీళ్లు కూడా బయటికి పోయాకే మూయనివ్వండి.

ఇంకొకటి, సెంట్రింగ్ వాళ్లు రెండు వైపుల ప్లేట్లూ విడిపోకుండా గోడ ఈ పక్కనుంచి ఆ పక్కకి పీవీసీ పైపు ముక్క దూర్చి అందులోంచి బోల్టు వేస్తారు. ఇంటి గోడలకి సరే, పూల్‌కి అవి అచ్చంగా కన్నాలే. తర్వాత సిమెంటు కూరి పూడ్చేస్తాం అంటారు. వద్దు. ప్లేట్లకి బయటినుంచి, లోపలినుంచి దన్నులు పెట్టి బిగించమనండి, కుదరకపోతే నీళ్లు ఆపే వాషర్ ఉన్న టై రాడ్లు తెప్పించండి. చుట్టూ రెండడుగులు ఎక్కువ తవ్వింది ఆ దన్నుల కోసం కూడానూ.

పోసే రోజు. ఎండాకాలం కాబట్టి ట్రక్ తెల్లవారుజామున రావాలి. వచ్చాక కాంక్రీటు కాస్త గట్టిగా కనిపిస్తే మొదట పుట్టే మాట “కొంచెం నీళ్లు కొట్టండన్నా.” డ్రైవర్ చేతిలో పైపు సిద్ధంగానే ఉంటుంది. ఆ పైపు దగ్గర నిలబడాల్సింది మీరే. పలచన చేస్తే వాళ్లకి పని తేలిక, మీకు ఎండాక సన్నటి బీటలు. పల్చగా కావాలంటే ఆర్డర్ చెప్పేటప్పుడే అడగండి, ప్లాంట్‌లోనే పల్చబరిచే మందు (అడ్మిక్స్చర్) వేసి పంపుతారు. మాట వినకుండా నీళ్లు కలిపితే ట్రక్ వెనక్కి పంపడానికి మొహమాటపడకండి.

గోడ ఒక మూలన నిలువునా నింపుకుంటూ పోకూడదు. అడుగున్నర చొప్పున చుట్టూ తిప్పుతూ పోయాలి, పై వరస పోసేటప్పుడు వైబ్రేటర్ సూది కింది వరసలోకి కూడా కొంచెం దిగాలి. పైపుల చుట్టూ, లైటు గూడు కింద, స్టాపర్ పట్టీ పక్కన మరీ జాగ్రత్త, అక్కడ గాలి నిలిచిపోతే కంకర విడివిడిగా బొక్కలు పడుతుంది. వైబ్రేటర్లు రెండు ఉండాలి, ఒకటి పెట్రోల్‌ది. కరెంటుది సగంలో ఆగిపోవడమో, కరెంటే పోవడమో మామూలే. ఆగిన గంటలో కింది పొర బిగుసుకుంటే మీరు కోరని చోట ఇంకో జాయింటు పుట్టినట్టే.

తర్వాత కనీసం 14 రోజులు తడుపుడు. గోడలకి గోనెసంచులు కట్టి పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం. వాచ్‌మన్‌కి చెప్పి వదిలేయకండి, మధ్యాహ్నం రెండింటికి వెళ్లి సంచి పిండి చూడండి.

నీళ్ల పరీక్ష

ఇది ప్లాస్టరింగ్, వాటర్‌ప్రూఫింగ్, టైల్స్ ఏవీ లేకుండా ఉత్త కాంక్రీటు మీద చేయాలి. గోడల బయట మట్టి కూడా నింపకూడదు. అందరూ తొందరపడేది ఇక్కడే, గొయ్యి చూడ్డానికి బాగోలేదని మట్టి తోసేస్తారు. బయట గోడ కనబడుతుంటేనే కదా ఎక్కడ చెమ్మ పడుతోందో తెలిసేది.

పైపుల మూతులన్నీ బిగించి మెల్లగా నింపండి, అయిదు వేల లీటర్ల ట్యాంకర్లు ఏడు పడతాయి. మొదటి ఏడు రోజులు లెక్కలోకి రావు, కాంక్రీటు నీళ్లు తాగుతుంది. తర్వాత ఏడు రోజులు, రోజూ ఒకే వేళకి మట్టం కొలవాలి. ఎండకి ఎంత ఆవిరైంది, ఎంత కారింది అని తేల్చడానికి ఒక బకెట్ చాలు. బకెట్‌లో నీళ్లు నింపి, లోపల రాయి వేసి, పూల్ మెట్టు మీద పెట్టండి. బకెట్ లోపలి మట్టం, బయట పూల్ మట్టం రెండూ మార్కర్‌తో గీయండి. 24 గంటల తర్వాత రెండూ సమానంగా తగ్గితే అది ఎండే, మే నెలలో రోజుకి అర సెంటీమీటర్ పైనే పోతుంది. పూల్ ఎక్కువ తగ్గితే కారుతోందన్నమాట. ఈ మధ్యలో వాన పడితే ఆ రోజు లెక్క కొట్టేయండి.

కారుతుంటే టెన్షన్ పడి తోడేయకండి, తగ్గనివ్వండి. మట్టం దిగి దిగి ఒక చోట ఆగిపోతుంది. లీకు ఆ గీత దగ్గరే, చుట్టూ ఆ ఎత్తులోనే వెతకండి. చాలాసార్లు అది లైటు గూడు వైర్ పైపే. బయట గోడ మీద తెల్లటి ఉప్పు గీత కూడా చోటు చెబుతుంది. దొరికాక లోపలినుంచి సిమెంటు పూయించి ఊరుకోకండి, రంధ్రం వేసి పీయూ (పాలియురేతేన్) రసాయనం ఇంజెక్షన్ చేసేవాళ్లని పిలవండి. మళ్లీ పరీక్ష. లెక్క సరిపోయాక మొరం అడుగు చొప్పున వేస్తూ, తొక్కిస్తూ చుట్టూ నింపండి.

కాంక్రీటు మేస్త్రీకీ, ప్లంబర్‌కీ ఇవ్వాల్సినదాంట్లో 15 శాతం ఈ పరీక్ష అయ్యేదాకా మీ దగ్గరే ఉంచుకోవాలి. అడ్వాన్స్ ఇచ్చేటప్పుడే ఆ మాట చెప్పి, కాగితం మీద రాసుకోండి.

మిగతా పని

ఇక తేలిక. గోడా అడుగూ కలిసే మూల గుండ్రంగా తీయించి, రెండు పూతల వాటర్‌ప్రూఫింగ్, ఒకటి నిలువు, ఒకటి అడ్డం. ఆరాక మళ్లీ మూడు రోజులు నీళ్లు నిలబెట్టండి. టైల్స్ పూల్ అడ్హెసివ్‌తో అతికించి, సందులు ఎపాక్సీతో నింపాలి. వైట్ సిమెంట్ నింపితే క్లోరిన్, యాసిడ్ కలిసి ఏడాదిలో తినేస్తాయి. రంగు లేత నీలమో, తెలుపో వేయండి, ముదురు రంగైతే అడుగున మనిషి పడున్నా కనబడడు. చుట్టూ నడిచే చోట కడప నల్లరాయి వేయకండి, మే నెల మధ్యాహ్నం దాని మీద కాలు పెట్టి చూసినవాళ్లకి చెప్పక్కర్లేదు.

నీళ్లు అంచు మీదుగా పొర్లే ఓవర్‌ఫ్లో పూల్ ఫొటోల్లో బాగుంటుంది. దానికి చుట్టూ కాలువ, కింద ఇంకో ట్యాంకు, ఇంకో పైపుల వరస, అంటే కారడానికి ఇంకో నాలుగు చోట్లు. రిసార్ట్ వాళ్లని కట్టుకోనివ్వండి, ఇంటికి స్కిమ్మరే.

మోటరు సైజు లెక్క సులువు. నీళ్లన్నీ ఆరు గంటల్లో ఒకసారి ఫిల్టర్‌లోంచి తిరిగి రావాలి, అంటే గంటకి ఆరు వేల లీటర్లు. షాపువాడు పెద్ద మోటరు, చిన్న ఫిల్టర్ అంటగడతాడు. మీరు తిరగేసి అడగండి, సాండ్ ఫిల్టర్ ఒక సైజు పెద్దది, మోటరు సరిపోయేంత. లైట్లు 12 వోల్టులవే. పూల్ లైనుకి కరెంటు లీకైతే వెంటనే ఆపేసే 30 మిల్లీయాంప్స్ ఆర్‌సీసీబీ వేరేగా, వేరే ఎర్తింగ్. చుట్టూ నాలుగడుగుల కంచె, దానంతటదే మూసుకునే గేటు. మనవలు లేరు కదా అంటారు, పక్కింటి వాళ్లకి ఉంటారు.

నీళ్లలో పీహెచ్ (ఆమ్లమో క్షారమో చెప్పే లెక్క) 7.2 నుంచి 7.6, క్లోరిన్ 1 నుంచి 3 పీపీఎం (పది లక్షల్లో అన్ని వంతులు) ఉండాలి. మన బోరు నీళ్ల ఉప్పుకి టైల్స్ మీద తెల్లపొర కడుతుంది, పీహెచ్ పైకి పోకుండా చూసుకుంటే తగ్గుతుంది. క్లోరిన్ టాబ్లెట్లు నీళ్ల మీద తేలే ఫ్లోటర్‌లోనే వేయండి, అడుగున పడేస్తే మచ్చలు.

ఆగస్టులో నీళ్లు ఆకుపచ్చగా మారితే క్లీనింగ్ కుర్రాడు “మొత్తం తోడేసి కడుగుదాం సార్” అంటాడు. ఒప్పుకోకండి. ఈ సైజు ఖాళీ తొట్టి బరువు 30 టన్నులు. వానలకి భూమిలో నీళ్లు నేలమట్టం దాకా వస్తే కిందనుంచి ఎత్తే బలం 45 టన్నులు దాటుతుంది, లోపలి నీళ్లే దాన్ని అణిచిపెట్టి ఉంచుతాయి. కోనసీమ, కృష్ణా కాలువల పక్కన అయితే ఎండాకాలంలో కూడా ఇదే భయం, అక్కడ అడుగున, కిందినీళ్లు ఒత్తితే లోపలికి వదిలే హైడ్రోస్టాటిక్ వాల్వ్ లేకుండా కట్టనే వద్దు. పచ్చనీళ్లకి ఎక్కువ క్లోరిన్ వేసి రాత్రంతా ఫిల్టర్ తిప్పండి, రెండు మూడు రోజుల్లో తేరుకుంటాయి. తోడి కడగాల్సి వస్తే సంక్రాంతి తర్వాత.